మూడోసారి అడిగేదాకా

ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటి మూడు వారాలూ నాకు కాఫీ దక్కలేదు. తప్పు వాళ్ళదీ కాదు, కాఫీదీ కాదు. వాళ్ళు నన్ను రోజుకి ఒక్కసారే అడిగేవారు.

ఇల్లంటే ఎవరి సొంత ఇల్లూ కాదు. న్యూజెర్సీలో నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో, మేం అద్దెకున్న చోటికి రెండు వీధుల అవతల, మూడంతస్తుల ఎర్ర ఇటుకల మేడ. ఎప్పుడో ఇటలీ నుంచీ పోలండ్ నుంచీ ఓడల మీద వచ్చి దిగిన బీదాబిక్కీ కోసం కొందరు కలిగినింటి ఆడవాళ్ళు దాన్ని కట్టించారట. కట్టించి ఊరుకోకుండా, వాళ్ళ మధ్యనే కాపురం ఉండి చదువూ వైద్యమూ చూశారట. కట్టించినవాళ్ళు పోయారు. ఇటలీవాళ్ళు బాగుపడి, గుమ్మం ముందు పచ్చగడ్డి ఉన్న ఇళ్ళకి వెళ్ళిపోయారు. మేడ మాత్రం అక్కడే ఉండిపోయింది. మేం వెళ్ళేసరికి, అంటే ఎనభై ఒకటి నాటికి, కింద గదుల నిండా కంబోడియావాళ్ళు, ప్యూర్టోరికోవాళ్ళు, హైతీవాళ్ళు, ఈజిప్టువాళ్ళు, ఒక మూల నేను. అందరూ దాన్ని 'హౌస్' అనేవాళ్ళు. పొద్దున ఇంగ్లీషు క్లాసు, మధ్యాహ్నం సూపు, వెనక గదిలో పసిపిల్లల నర్సరీ, మేడమీద ఆఫీసు.

నేను బీదరాలినని అక్కడికి వెళ్ళేదాకా నాకే తెలీదు. మా ఆయన బి.ఫార్మసీ చదివారు. గ్రీన్‌కార్డు మీద వచ్చి దిగాక, ఆ చదువు ఇక్కడ చెల్లాలంటే లైసెన్స్ పరీక్ష రాయాలన్నారు. పరీక్ష రాయాలంటే చదవాలి, చదవాలంటే మెలకువగా ఉండాలి. ఆయనేమో రాత్రంతా గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు అంటించి, పొద్దున వచ్చి పుస్తకం తెరిచి, దాని మీదే తల వాల్చి నిద్రపోయేవారు. నేను బాపట్ల మిషన్ స్కూల్లో చదువుకున్నదాన్ని, బి.ఏ. పాసైనదాన్ని. నేను ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే మా హెడ్‌మాస్టరుగారు పదిమందికి చదివి వినిపించేవారు. అలాంటిది ఇక్కడ ఫోనెత్తితే అవతలి మనిషి చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. నేను చెప్పేది వాళ్ళకీ ఎక్కేది కాదు. అందుకని ఇంగ్లీషు క్లాసులో చేరాను.

క్లాసు మధ్యలో, పదింటికి, వంటింటావిడ పెద్ద కాఫీ కెటిల్ పట్టుకుని వచ్చేది. ప్యూర్టోరికో మనిషి, గుమ్మానికి సరిపడా భుజాలు, చెవులకి గాజులంత పోగులు. మొదటిరోజు నా ముందు ఆగి "కాఫీ?" అంది. నేను నవ్వుతూ "నో నో, థాంక్యూ" అన్నాను. కెటిల్ నన్ను దాటి పక్కావిడ దగ్గరికి పోయింది.

మళ్ళీ వస్తుందిలే అని కెటిల్ వంకే చూస్తూ కూర్చున్నాను. రాలేదు.

మా వైపు పద్ధతి వేరు. ఎవరైనా ఇంటికొస్తే మా అమ్మ "కాఫీ పెడతానుండండి" అనేది. వచ్చినవాళ్ళు "అబ్బే, ఇప్పుడే తాగి వచ్చామండీ" అనేవాళ్ళు. అంటే పొయ్యి వెలిగించమని. మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు, ఇంట్లో పాలున్నాయో లేవో ఇల్లాలి మొహం చూసి కనిపెట్టడానికి. మూడోసారి గ్లాసు చేతిలో పెట్టాక "మీరింతగా చెబుతుంటే కాదంటే బాగుండదు, సగం చాలండీ" అని నిండు గ్లాసు తాగేవాళ్ళు. ఎవరైనా మొదటిసారే "ఆఁ, ఇవ్వండి" అన్నారంటే, వాళ్ళు వీధి మలుపు తిరక్కముందే మా మేనత్త "మొహం వాచినట్టు తాగాడమ్మా" అనేసేది. అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉంది గానీ నాకు దాని మీద ఎప్పుడూ నమ్మకం కుదర్లేదు. మా అమ్మ వద్దన్నా పెట్టేది.

మొహమాటానికి పోతే ఏదో అయిందని ఇంకో సామెత కూడా ఉంది. దాన్ని పెద్దవాళ్ళ ముందు పూర్తిగా చెప్పరు. నాకైతే మొహమాటానికి పోతే కాఫీ పోయింది. రోజూ పదింటికి ఆ వాసన నా ముక్కు కిందినుంచి వెళ్ళిపోయేది. రోజూ "కాఫీ?", రోజూ "నో, థాంక్యూ". నాలుగో వారంలో పక్కావిడ రాని రోజున అలవాటు కొద్దీ ఆవిడకి పోసిపెట్టిన కప్పు నా ముందు మిగిలిపోయింది. చల్లారి, చక్కెర లేకుండా ఉన్నా, చుక్క మిగల్చకుండా తాగేశాను.

ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయికి ఈ బాధ లేదు. ఇప్పుడు మేముంటున్న పిస్కాటవేలో ఎవరింటికి వెళ్ళినా వాళ్ళు నోరు తెరవకముందే "ఆంటీ, నాకు ఇంకో గారె!" అంటుంది. నాకు తల కొట్టేసినట్టవుతుంది. లోపల కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.

కాఫీతో పోయిందనుకుంటే చలికాలం వచ్చింది. నవంబరులో ఏదో చర్చివాళ్ళు పాత కోట్లు పంపితే హాల్లో బల్లల మీద పరిచారు. హౌస్ డైరెక్టరమ్మ స్వయంగా నిలబడి పంచుతోంది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మగవాళ్ళ బూట్లు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. పెళ్ళి చేసుకోలేదు, మేడమీదే ఒక గదిలో ఉండేది. ఎవరినీ దేనికీ బలవంతపెట్టకూడదన్నది ఆవిడ నియమం. బీదవాళ్ళకి అన్నీ ఇస్తారు గానీ కాదనే హక్కు మాత్రం ఎవరూ ఇవ్వరని, ఈ ఇంట్లో ఆ హక్కు ఉందని, మాకు క్లాసులో కూడా చెప్పింది. చంకలో ఎప్పుడూ ఒక కార్డుల పెట్టె ఉండేది. కుటుంబానికొక కార్డు. ఎవరితో మాట్లాడినా దాంట్లో ఏదో రాసుకునేది.

"నీకు కోటు కావాలా?" అంది నన్ను చూసి. అప్పుడు నా అవతారం: చీర మీద మా ఆయన స్వెట్టరు, చెప్పుల్లో మేజోళ్ళు. బల్ల మీద మెరూన్ రంగు కోటు ఒకటి, పెద్ద పెద్ద బొత్తాలతో, నా కోసమే కుట్టినట్టుంది. "నో నో, వుయ్ ఆర్ ఫైన్" అన్నాను. ఆవిడ తల ఊపి కార్డు మీద ఏదో రాసుకుంది.

నా వెనక ఒక కంబోడియా ముసలావిడ ఉంది. ఇంతే ఉండే చిన్న మనిషి, తలకి గళ్ళ తువ్వాలు. మాటలు రావు, అంటే మనకొచ్చిన మాటలు రావు. కోటు చూపించి అడిగితే రెండు చేతులూ జోడించి, నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. డైరెక్టరమ్మ అదీ రాసుకుంది. మేమిద్దరం ఒకే వీధమ్మట, ఒకే గాలికి వణుకుతూ ఇంటికి పోయాం. దారి పొడుగునా ఒకళ్ళనొకళ్ళు ఓరగా చూసుకున్నాం. ఆవిడకీ ఆ మెరూన్ కోటు మీదే కన్నుందని నేను గ్రహించాను.

మర్నాడు పొద్దున బల్ల మీద ఇంకా కొన్ని కోట్లున్నాయి. నాకు నేను తీసుకోవడానికి చెయ్యి రాలేదు గానీ, ముసలావిడ వణుకుతుంటే చూడలేకపోయాను. మందపాటి నీలం కోటొకటి తీసి ఆవిడ భుజాల మీద కప్పాను. తీసేసింది. మళ్ళీ కప్పాను. మళ్ళీ తీసేసింది, ఈసారి కొంచెం నెమ్మదిగా. మూడోసారి కప్పితే చేతులు దూర్చేసుకుంది. అక్కడితో ఆగలేదు. గబగబా వెళ్ళి మెరూన్ కోటు పట్టుకొచ్చి నా మీద కప్పింది. నేను తెలుగులో "వద్దండీ, ఎందుకండీ" అంటున్నాను, ఆవిడ వాళ్ళ భాషలో ఏదో గదమాయిస్తోంది. "నోర్మూసుకుని వేసుకో" అని అయ్యుంటుంది. మూడోసారికి నేనూ వేసుకున్నాను. వంటింటి గుమ్మంలోంచి ప్యూర్టోరికో ఆవిడ "ఏమిటీ కుస్తీ?" అని కేకేసింది.

ఆ ముసలావిడ మనవరాలు నాలుగేళ్ళది, నర్సరీలో ఉండేది. అన్నం ముట్టేది కాదు. నర్సరీ రూలు ప్రకారం పిల్ల ముందు పళ్ళెం పెట్టాలి, తింటావా అని అడగాలి, వద్దంటే తీసేయాలి. రోజూ అడిగేవాళ్ళు, రోజూ వద్దనేది, రోజూ తీసేసేవాళ్ళు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు పళ్ళెం లాక్కుని, అన్నంలో సూపు పోసి పిసికి, కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అని చేసి, కిటికీలో పావురాన్ని చూపిస్తూ నోట్లో పెట్టాను. పిల్ల వద్దు వద్దంటూనే పళ్ళెం ఖాళీ చేసింది.

డైరెక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "వద్దంటోంది కదా?" అంది.

"వద్దంటోంది, తింటోంది కూడా" అన్నాను.

ఆవిడ ఖాళీ పళ్ళెం చూసి మెట్లెక్కి పోయింది. నర్సరీలో నా పెత్తనం అలా మొదలైంది. క్లాసవగానే అక్కడికి పోయేదాన్ని. మొత్తం పద్నాలుగుమంది పిల్లలు, ఏడు భాషలు, అందరికీ ఒకటే కాకి ముద్ద. జీతం లేదు, నాకా ధ్యాసా లేదు. ఆ గదిలో ఉన్నంతసేపూ నా ఇంగ్లీషు సంగతి, గోడౌన్ సంగతి, ఏమీ గుర్తొచ్చేవి కావు. నాకు అక్కడ చాలా సంతోషంగా ఉండేది.

మార్చిలో నర్సరీలో పనిచేసే అమ్మాయి పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. డైరెక్టరమ్మ నన్ను మేడమీదికి పిలిపించింది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఆ ఉద్యోగం నువ్వు చేస్తే బాగుంటుందని నా కోరిక. చేస్తావా?" అంది.

నా గుండె ఎగిరి గంతేసింది. ఎందుకో చెప్పాలి. మా ఆయన పరీక్ష అక్టోబరులో. అప్పటికి రెండుసార్లు ఫీజు కట్టి, చదవక, వెళ్ళలేదు. ఈసారీ రాయకపోతే పుస్తకాలు అటకెక్కించేయడమే అన్నారు, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాకు ఉద్యోగం వస్తే ఆయన గోడౌన్ మానేసి ఆర్నెల్లు కూర్చుని చదువుకోవచ్చు. ఇదంతా ఒక్క క్షణంలో నా కళ్ళముందు తిరిగింది. అప్పుడు నా నోరు, పాతికేళ్ళు మా అమ్మ దగ్గర తర్ఫీదైన నోరు, తనంతట తను ఇలా అంది: "అయ్యో, నాకంత సామర్థ్యం ఎక్కడిదండీ. నాకన్నా మంచివాళ్ళు దొరుకుతారు."

చెప్పి, తల కొంచెం వంచుకుని, రెండోసారి కోసం ఎదురుచూశాను.

"అర్థమైంది. మొహమాటపడకుండా నిజం చెప్పావు, సంతోషం" అంది డైరెక్టరమ్మ. లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. కార్డు మీద ఏదో రాసుకుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

మధ్యాహ్నం మూడింటికి మా ఆయన లేచాక చెప్పాను.

"ఏమన్నావ్?" అన్నారు.

"వద్దన్నానండీ."

"మంచిది. మళ్ళీ అడిగిందా?"

"ఇంకా లేదు."

"రేపు అడుగుతుందిలే" అన్నారు.

ఆయన నా మీద విసుక్కోకపోవడానికి కారణం ఉంది. అంతకు ఆర్నెల్ల ముందు గోడౌన్ ఫోర్‌మన్ ఆయన్ని పిలిచి, పగటి షిఫ్ట్‌కి మారతావా అని అడిగాడు. ఈయన "మీ ఇష్టం సార్, ఎలా చెబితే అలా" అన్నారు. ఫోర్‌మన్ దాన్ని పక్కవాడికి ఇచ్చేశాడు. ఇద్దరం ఒకే బడిలో చదివినవాళ్ళం.

రేపు అడగలేదు. ఎల్లుండీ అడగలేదు. డైరెక్టరమ్మ కనిపించినప్పుడల్లా నేను ఆవిడ అడగడానికి వీలుగా నిలబడేదాన్ని. ఆవిడ గుడ్ మార్నింగ్ చెప్పి పోయేది. తర్వాతి సోమవారం మెట్ల దగ్గర బోర్డు మీద నోటీసు పడింది. నర్సరీలో ఉద్యోగం ఖాళీ ఉంది, కావలసినవాళ్ళు శుక్రవారం సాయంత్రం అయిదులోపు దరఖాస్తు ఇవ్వాలి. అది చదివి నేను గోడకి చేరగిలబడిపోయాను. ఒక్కసారి అడిగి ఊరుకున్నారంటే ఏమిటి అర్థం? పిలవకపోతే బాగుండదని మాటవరసకి పిలిచారన్నమాట. నిజంగా కావాలనుకుంటే మళ్ళీ అడగరా? ఇంటికెళ్ళి ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. ఆ వారమంతా డైరెక్టరమ్మ గుడ్ మార్నింగ్ అంటే వినపడనట్టు పోయాను.

శుక్రవారం వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాం. నేనూ, కంబోడియా ముసలావిడా, ప్యూర్టోరికో ఆవిడా. ఉన్నట్టుండి ప్యూర్టోరికో ఆవిడ చాకు నా వైపు చూపించింది.

"నర్సరీ పని ఎందుకు వద్దన్నావు? మా పిల్లల ముక్కులు తుడవడం నీకు నామోషీనా?"

"నేనెక్కడ వద్దన్నాను!"

"అన్నావు. డైరెక్టర్ చెప్పింది. పాపం ఆవిడ చాలా బాధపడింది."

"నేను ఒక్కసారే అన్నాను!"

వంటింటావిడ చాకు బల్ల మీద పెట్టింది. "మీ వాళ్ళు ఎన్నిసార్లంటే అన్నట్టు?"

"మూడు" అన్నాను.

ఆవిడ నవ్విన నవ్వుకి దుంపల గిన్నె తిరగబడింది. ముసలావిడ ఏమిటని సైగ చేసింది. వంటింటావిడ మూడు వేళ్ళు చూపించి, కాఫీ కప్పు ఒకటి పట్టుకుని, వద్దు, వద్దు, వద్దు అని తల తిప్పి, తర్వాత గటగటా తాగేసినట్టు నటించింది. ముసలావిడ గంభీరంగా తల ఊపింది. అంతేగా మరి, ఇందులో నవ్వేందుకేముంది అన్నట్టు మళ్ళీ దుంప అందుకుంది.

అప్పుడు టైము నాలుగున్నర. "పో, పైకి పోయి చెప్పు" అంది వంటింటావిడ.

వెళ్ళాను. డైరెక్టరమ్మ ఏదో రాసుకుంటూ తలెత్తి, "ఏమైనా కావాలా?" అంది.

"నో నో, నథింగ్" అన్నాను.

కిందికొచ్చేశాను. "చెప్పావా?" అంది వంటింటావిడ. "ఏమైనా కావాలా అని అడిగింది, వద్దన్నాను" అన్నాను. ఆవిడ పైకప్పు వంక చూసి స్పానిష్‌లో దేవుడికి ఏదో మొరపెట్టుకుంది. కప్పులో కాఫీ పోసి, ఇది తీసుకెళ్ళు, ఇచ్చేటప్పుడు చెప్పు, అని మళ్ళీ తోలింది. వెళ్ళి కాఫీ ఇచ్చాను. డైరెక్టరమ్మ థాంక్యూ అంది. నేను వెల్కమ్ అన్నాను. కిందికొచ్చేశాను.

అయిదుకి పావుగంట ఉంది. ముసలావిడ లేచి, చేతులు తుడుచుకుని, నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలముందని నేననుకోలేదు. మెట్లన్నీ ఎక్కించి, ఆఫీసు గుమ్మం దగ్గర నా వీపు మీద ఒక్క తోపు తోసి, తను పై మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. దిగాలంటే ఆవిణ్ణి దాటుకుని దిగాలి. పెద్దావిణ్ణి దాటకూడదు కదా.

"నాకు కావాలి" అన్నాను, ప్రభువుని తలుచుకుని.

"ఏం కావాలి?" అంది డైరెక్టరమ్మ.

"నర్సరీ ఉద్యోగం. ఆ రోజే కావాలి. వద్దన్నది మర్యాదకి. మీరు మళ్ళీ అడుగుతారని కూర్చున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "నువ్వు వద్దన్నాక మళ్ళీ అడిగితే నీ మాటకి విలువ ఇవ్వనట్టు కాదా?"

"అడక్కపోతేనే విలువ ఇవ్వనట్టు" అన్నాను. వారం రోజుల కోపం అందులో ఉంది.

ఆవిడ నెమ్మదిగా పెట్టె దగ్గరికి లాక్కుని నా కార్డు తీసింది. అందులో ఏం రాస్తుందో అప్పుడు చూశాను. కోటు: వద్దన్నారు. దుప్పట్లు: వద్దన్నారు. క్రిస్మస్ బుట్ట: వద్దన్నారు. మధ్యాహ్నం సూపు: వద్దన్నారు. నర్సరీ ఉద్యోగం: వద్దన్నారు. ఆ కార్డు చదివితే అమెరికా మొత్తంలో నా అంత కలిగినమ్మ లేదు.

"దుప్పట్లు కూడా అవసరమేనా?" అంది.

"జనవరంతా మా రేడియేటర్ చచ్చిపడి ఉంది" అన్నాను.

"క్రిస్మస్ బుట్ట?"

"అందులో నారింజపళ్ళు ఉన్నాయి" అన్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆవిడ గుమ్మం వైపు, పై మెట్టు మీద కూర్చున్న గళ్ళ తువ్వాలు వైపు చూసింది. ముసలావిడ కార్డు తీసింది. పైనుంచి కిందిదాకా ఒకటే మాట. ఇంకో కార్డు తీసింది, ఇంకోటి తీసింది. పెట్టె మీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో అందర్నీ ఒక్కసారే అడిగాం" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకున్న కోపమంతా అప్పుడే పోయింది. ఆవిడ మీద జాలేసింది.

దరఖాస్తు ఫారం తీసి నా ముందు పెట్టబోయి ఆగింది. "అయితే ఉద్యోగం కావాలి."

"కావాలి."

"నిజంగానా? నేను బాధపడతానని అనడం లేదు కదా?"

ఇదెక్కడి గోల! ఇన్నాళ్ళకి మొదటిసారే అవునంటే ఆవిడ నమ్మడం లేదు.

"కావాలి అన్నాను కదా!"

"అంటే మీ పద్ధతిలో..."

"కావాలి! కావాలి! కావాలి!" అని అరిచాను, అచ్చ తెలుగులో. కింద వంటింట్లో ఎవరో మూత మీద గరిటెతో దడదడా వాయించారు. నేను అరిచిన అరుపుకి నేనే బిత్తరపోయాను. పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి నాకు ఫలానాది కావాలని అన్నది అదే మొదలు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి నచ్చాడా అని అడిగితే కూడా తల దించుకున్నాను. దాన్ని అవునని మావాళ్ళే చదువుకున్నారు. అదృష్టం బాగుండి సరిగ్గానే చదివారు.

ఫారం నింపి ఇచ్చేసరికి అయిదుకి రెండు నిమిషాలు. నాకన్నా ముందే నాలుగు దరఖాస్తులున్నాయి. సోమవారం కమిటీ కూర్చుంది, మంగళవారం నన్ను రమ్మన్నారు. ఆ సంగతి చెబితే మా ఆయన "ఎన్నిసార్లు అడిగారు?" అన్నారు. "ఈసారి నేనే అడిగాను" అన్నాను. ఆయన పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. నెల తిరక్కుండా గోడౌన్ మానేశారు. అక్టోబరులో పరీక్ష రాశారు. ఆ విడత పోయింది, తర్వాతి విడత పాసయ్యారు.

నర్సరీలో చేరిన మొదటిరోజు పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక, డైరెక్టరమ్మ కార్డుల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "వీళ్ళందర్నీ మళ్ళీ అడగాలి. ఎలా అడగాలో నాకు తెలీదు, నువ్వు వెళ్ళు" అంది. అన్నిటికన్నా పైన ముసలావిడ కార్డు ఉంది. రెండు దుప్పట్లు చంకన పెట్టుకుని వాళ్ళుండే మేడలో మూడో అంతస్తుకి ఎక్కాను.

ఆవిడ తలుపు తీసి నన్ను లోపలికి లాగి చాప మీద కూర్చోబెట్టింది. దుప్పట్లు ఒళ్ళో పెడితే పక్కకి నెట్టింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నెట్టింది. మూడోసారి పెట్టాక వాటి మీద చెయ్యి వేసి ఉంచుకుంది. తర్వాత లోపలికెళ్ళి గ్లాసుతో టీ పట్టుకొచ్చింది. నేను అలవాటు కొద్దీ తెలుగులోనే "అయ్యో, వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను" అన్నాను. ఆవిడ రెండోసారి అడగలేదు, మూడోసారీ అడగలేదు. గ్లాసు నా చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసి, నేను తాగేదాకా కదలకుండా ఎదురుగా కూర్చుంది. ఈ దేశం వచ్చాక నేను వద్దన్నా పెట్టిన మొదటి మనిషి ఆవిడ.